ఒక్కో ఊరికి ఒక్కో మాంద్యం

దేశమంతటికీ ఒకేసారి వచ్చిందంటారు గానీ, మాంద్యం ఏ రెండు ఊళ్లకూ ఒకేలా రాదు. ఉత్తర తెలంగాణలో కాగజ్‌నగర్ నుంచి కరీంనగర్ దాకా బజారు బజారుకూ ఓ కథ. ఆ కథను చెప్పేవి... తెరిచిన షట్టర్లు, మూసిన మడిగెలు!

దసరాకు వారం రోజులుంది. బట్టల దుకాణాల్లో కొత్త సరుకు దిగింది. బతుకమ్మ చీరలు గాజు అద్దాల వెనక వేలాడుతున్నాయి. చెప్పుల కొట్టువాళ్లు, మిఠాయి అంగళ్లవాళ్లు, కిరాణా సేట్లు... అందరూ అప్పు చేసి మరీ సరుకు నింపుకున్నారు. ఏటా జరిగేదే. పండక్కి మిల్లు కార్మికుల చేతిలో డబ్బులుంటాయి. పండగ దాటేసరికి తెచ్చిన అప్పు తీరిపోతుంది.

ఆ ఏడాది తీరలేదు. 2014 సెప్టెంబరు చివర్లో సిర్పూర్ కాగితపు మిల్లులో ఉత్పత్తి ఆగిపోయింది. కాగజ్‌నగర్ బజారులో సరుకు అలాగే ఉంది, కొనేవాళ్ల జేబులే ఖాళీ అయ్యాయి. అప్పుడు ప్రపంచంలో పెద్ద మాంద్యమేమీ లేదు. స్టాక్ మార్కెట్లు కళకళలాడుతున్నాయి. కాగజ్‌నగర్‌కు మాత్రం అదే మహా మాంద్యం. అది నాలుగేళ్లు నడిచింది.

ఆర్థిక మాంద్యం అనగానే 2008లో అమెరికాలో కుప్పకూలిన లేమన్ బ్రదర్స్ బ్యాంకు గుర్తొస్తుంది. లేదంటే 2020లో కొవిడ్ లాక్‌డౌన్. టీవీల్లో, పేపర్లలో లెక్కలన్నీ దేశం మొత్తానికి కలిపి చెబుతారు. కానీ పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఓ చుట్టు తిరిగొస్తే వేరే సంగతి తెలుస్తుంది. ఇక్కడ ప్రతి ఊరి గల్లాపెట్టెకూ ఓ తాళంచెవి ఉంది. అది ఒక ఊళ్లో బొగ్గు బావి దగ్గర, ఇంకో ఊళ్లో పత్తి యార్డులో, మరో ఊళ్లో దుబాయ్‌లో ఉంటుంది!

కాగితం చుట్టూ ఓ ఊరు

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలెక్కితే పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి దాటాక వస్తుంది... సిర్పూర్ కాగజ్‌నగర్. ఒకప్పుడు దాని పేరు కొత్తపేట. ఏడో నిజాం కాలంలో 1938లో ఇక్కడ కాగితపు మిల్లుకు పునాది పడింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. చుట్టూ వెదురు అడవులు, పక్కనే పెద్దవాగు నీళ్లు, ఊరి మీదుగా రైలు పట్టాలు. మిల్లుకు ఇంతకన్నా అనువైన చోటేముంది! మిల్లు ఊరికి బతుకుతోపాటు పేరు కూడా ఇచ్చింది. కాగజ్ అంటే కాగితం. కాగితం ఊరే కాగజ్‌నగర్.

ఇలాంటి ఊళ్లలో బజారుకు గడియారం అక్కర్లేదు. షిఫ్టు మారే వేళకు టీకొట్లు నిండుతాయి. జీతాల రోజున కిరాణా దుకాణంలో ఖాతా పుస్తకం తెరుచుకుంటుంది. నెలంతా రాసిన ఉద్దెర ఆ రోజు జమ అవుతుంది. మిల్లు కార్మికుడని తెలిస్తే చాలు, పెళ్లి బట్టలైనా, ఫ్రిజ్ అయినా వాయిదాల మీద ఇచ్చేసేవారు. మిల్లు గేటు పాసే పూచీకత్తు.

2014లో ఆ పూచీకత్తు చెల్లకుండా పోయింది. వేల కుటుంబాలకు జీతం ఆగింది. మొదట దెబ్బ తగిలింది బట్టలు, బంగారం, బళ్లు అమ్మేవారికి. తర్వాత హోటళ్లకు. ఆ తర్వాత ఇళ్ల కిరాయిల మీద బతికేవారికి. చిట్టచివర కిరాణాకు. ఎందుకంటే చీర కొనడం వాయిదా వేసుకోవచ్చు, బియ్యం వాయిదా వేయలేం. అందుకే కిరాణా దుకాణం మూతపడదు. కానీ లోపల్లోపల అరిగిపోతుంది. ఉద్దెర ఇవ్వనంటే ఇరవై ఏళ్ల ఖాతాదారు మొహం చాటేస్తాడు, పాత బాకీ పోతుంది. ఇస్తే కొత్త బాకీ పెరుగుతుంది. హోల్‌సేల్ వ్యాపారి మాత్రం ఆగడు. ఈ రెంటి మధ్యా నలిగిన చిన్న దుకాణదారుడి బాధ ఏ నిరుద్యోగ లెక్కలోకీ రాదు.

విచిత్రమేమిటంటే, మాంద్యంలో దుకాణాలు మూతపడటమే కాదు, కొత్తవి తెరుచుకుంటాయి కూడా! పని పోయినవాడు ఊరికే కూర్చోలేడు కదా. చేతిలో ఉన్న కొద్ది డబ్బుతో టిఫిన్ బండి పెడతాడు. ఇంటి ముందు గదిలోనే చిన్న కిరాణా తెరుస్తాడు. కొనేవాళ్లు తగ్గి అమ్మేవాళ్లు పెరుగుతారు. పైకి చూస్తే బజారు నిండుగానే ఉంటుంది. కానీ ఒకరికి వచ్చే గిరాకీని నలుగురు పంచుకుంటుంటారు. ఖాళీ షట్టర్ల లెక్క మాత్రమే చూసుకుంటే ఈ సంగతి దొరకదు.

2018 ఆగస్టులో మిల్లు జేకే పేపర్ సంస్థ చేతికి వచ్చింది. దివాలా చట్టం కింద చేతులు మారి, మళ్లీ నడిచిన మిల్లు ఇది. ఊరు ఊపిరి పీల్చుకుంది. అయితే నాలుగేళ్లలో పిల్లల చదువుల కోసం, పనుల కోసం ఊరు దాటినవాళ్లందరూ తిరిగి రాలేదు. వాళ్లతోపాటే వెళ్లిపోయిన కొనుగోళ్లూ తిరిగి రాలేదు. మిల్లును మళ్లీ నడిపించడం కష్టమే కానీ సాధ్యమే. తెగిపోయిన ఖాతాను అతికించడం అంతకన్నా కష్టం.

బొగ్గు తల్లి ఇచ్చే పండగ

కాగజ్‌నగర్ నుంచి వెనక్కి వస్తే బెల్లంపల్లి. సింగరేణి చరిత్రలో పాత పట్నాల్లో ఒకటి. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కార్మికులు బదిలీ అయ్యారు, పదవీ విరమణ చేసినవారు సొంతూళ్లకు వెళ్లిపోయారు. మామూలుగా పట్టణాల జనాభా పదేళ్లకోసారి పెరుగుతుంది. బెల్లంపల్లిలో 2001 కన్నా 2011లో తగ్గింది. జనం తగ్గిన ఊళ్లో మడిగెలు మిగలడం వింతేమీ కాదు.

ఇక్కడికి దగ్గర్లోనే మంచిర్యాల. అక్కడి బజారులో మాత్రం సందడే సందడి. బెల్లంపల్లి, మందమర్రి, చెన్నూరు, లక్సెట్టిపేట... చుట్టుపక్కల ఎవరికి పెళ్లి కుదిరినా బట్టలకూ బంగారానికీ మంచిర్యాలకే వస్తారు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమయ్యాక జోరు ఇంకా పెరిగింది. ఒకే బొగ్గు, ఒకే కంపెనీ, ఒకే రైలు మార్గం. ఒక ఊరు చిక్కిపోతుంటే పక్క ఊరు ఒళ్లు చేస్తోంది.

గోదావరి దాటితే గోదావరిఖని. లక్ష్మీనగర్ వీధుల్లో బంగారం కొట్లు, బట్టల దుకాణాలు వరసకట్టి ఉంటాయి. ఇక్కడ వ్యాపారులకు రెండు పంచాంగాలు. ఒకటి అందరికీ ఉండేది. రెండోది సింగరేణిది... జీతాల రోజు, దీపావళి బోనస్ రోజు, అన్నిటికన్నా ముఖ్యంగా లాభాల వాటా ప్రకటించే రోజు. 1999-2000లో 10 శాతంతో మొదలైన ఈ వాటా 2024లో 33 శాతానికి చేరింది. ఆ ఏడాది రూ.796 కోట్లు పంచారు. సగటున ఒక్కో కార్మికుడికి రూ.1.90 లక్షలు. 2025లో 34 శాతం, రూ.819 కోట్లు. అదీ దసరాకు ముందు! మిగతా రాష్ట్రంలో పండగ బేరాలు ఎలా ఉన్నా సరే, బొగ్గు పట్నాల్లో ఆ కొద్ది రోజులు షట్టర్లు అర్ధరాత్రి దాకా దిగవు.

అందుకే సింగరేణి ఊళ్లకు మాంద్యం అంటదని ఒక నమ్మకం. అది సగమే నిజం. 1990ల ఆరంభంలో సింగరేణి మొత్తంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలకు తగ్గారు. బొగ్గు ఉత్పత్తి మాత్రం తగ్గలేదు, పెరిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు వచ్చాయి. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో భారీ యంత్రాలొచ్చాయి. యంత్రం చీర కొనదు, చాయ్ తాగదు. కాంట్రాక్టు కార్మికుల సంఖ్య పెరిగింది కానీ, వారి వేతనం వేరు. లాభాల్లో నుంచి వారికి తొలిసారి 2024లో రూ.5 వేలు ఇచ్చారు. ఒకే గనిలో దిగే ఇద్దరిలో ఒకరు బంగారం కొట్టుకు వెళ్తే, మరొకరు వారపు అంగడికి వెళ్తారు. బజారులో ఈ తేడా ఇట్టే కనిపిస్తుంది.

జీతమే ఆగిన దసరా కూడా ఉంది. 2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. సింగరేణి కార్మికులు దాదాపు ఐదు వారాలు బావుల్లోకి దిగలేదు. ఆ మధ్యలోనే పండగ వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం కార్మికులు జీతాన్ని వదులుకుంటే, వాళ్లకు ఉద్దెర ఇచ్చిన దుకాణదారులు తమ పండగ బేరాన్ని వదులుకున్నారు. ఉద్యమ చరిత్రలో ఆ ఖాతా పుస్తకాలకూ ఓ పేజీ ఉండాల్సిందే.

ఇదే రామగుండంలో ఎరువుల కర్మాగారం కథ ఇంకోటి. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎఫ్‌సీఐ 1999లో మూతపడింది. దాన్నే నమ్ముకున్న క్వార్టర్లు బోసిపోయాయి. 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరిట కొత్త ప్లాంటు యూరియా తయారీ ప్రారంభించింది. 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. కానీ ఆధునిక యంత్రాలతో నడిచే కొత్త ప్లాంటుకు పాతదానికి కావలసినంత మంది అక్కర్లేదు. ఎరువు తిరిగొచ్చింది, పాత బజారు మాత్రం తిరిగి రాలేదు. ఇరవై రెండేళ్లంటే ఒక తరం. అప్పట్లో దుకాణం మూసినవారి పిల్లలు ఇప్పుడు ఏ హైదరాబాద్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

పత్తి దిగితేనే పండగ

ఆదిలాబాద్ బజారుకు ఇలాంటి నెల జీతాల భరోసా తక్కువ. ఇక్కడంతా తెల్ల బంగారం. జూన్‌లో విత్తనాలు, ఎరువులు ఉద్దెర మీద పోతాయి. అక్టోబరులో పత్తి యార్డులోకి మొదటి బండ్లు వస్తాయి. అక్కడ్నించి సంక్రాంతి దాకా గాంధీ చౌక్, అంబేడ్కర్ చౌక్ వీధుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. దుకాణంలో తెలుగు, మరాఠీ, ఉర్దూ, గోండి... నాలుగు భాషలూ వినిపిస్తాయి. గల్లా మీద కూర్చునేవాడికి నాలుగూ రావాల్సిందే.

పత్తి ధర క్వింటాలుకు వెయ్యి రూపాయలు తగ్గితే ఆదిలాబాద్‌లో ఎన్ని మోటారు సైకిళ్లు అమ్ముడుపోకుండా ఆగుతాయో షోరూమువాళ్లు వేళ్ల మీద లెక్క చెప్పగలరు. ఒక్క ధరే కాదు, తేమ కూడా. పత్తిలో తేమ 8 శాతంలోపు ఉంటేనే పూర్తి మద్దతు ధర. ఆపైన 12 శాతం వరకూ కోత. అదీ దాటితే సీసీఐ కొనదు. అంటే దీపావళి ముందు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే, యార్డులో రైతు నష్టపోతాడు, ఊళ్లో వ్యాపారి గోళ్లు గిల్లుకుంటాడు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర రూ.8,110. అయితే ఆ ఏడాది అమ్మకానికి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో ముందే స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. ఫోన్ వాడకం అంతగా తెలియని రైతుకు స్లాటు ఆలస్యమైతే, అతడు బాకీపడ్డ ఎరువుల దుకాణానికీ ఆలస్యమే.

దేశమంతా ఒక దారి, ఆదిలాబాద్ మరో దారి అనడానికి రెండు ఉదాహరణలు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. అది సరిగ్గా పత్తి దిగే కాలం. నెల జీతం బ్యాంకులో పడే ఊళ్లలో క్యూలు కట్టి తిప్పలు పడ్డారు కానీ కనీసం జీతం పడింది. నగదు మీదే నడిచే పత్తి ఊళ్లో మాత్రం అమ్మినవాడికి చేతికి నోటు రాలేదు, ఏడాదిలో బేరం జరిగే మూడు నెలలూ చప్పబడ్డాయి. అదే 2021-22లో చూడండి. కొవిడ్ దెబ్బ నుంచి నగరాల్లో దుకాణాలు ఇంకా తేరుకోలేదు. పత్తి ధర మాత్రం మద్దతు ధరను ఎప్పుడో దాటేసి, 2022 మొదట్లో తెలంగాణ మార్కెట్లలో రూ.10 వేలు కూడా చూసింది. దిగుబడి తగ్గినా, పత్తి మిగిలినవారి ఇళ్లలో ఆ ఏడాది పెళ్లిళ్లు ఘనంగా జరిగాయి.

ఆదిలాబాద్‌లో సీసీఐ అంటే రెండర్థాలు. ఒకటి పత్తి కొనే కాటన్ కార్పొరేషన్. రెండోది సిమెంట్ కార్పొరేషన్. 1980ల్లో వచ్చిన ఆ సిమెంటు కర్మాగారం 1998లో ఆగిపోయింది. పునరుద్ధరిస్తామన్న హామీ ఆ తర్వాత ఎన్నో ఎన్నికల్లో వినిపించింది. అది నడిచి ఉంటే ఊరి గల్లాకు రెండో తాళంచెవి ఉండేది. పత్తి దెబ్బతిన్న ఏడాది సిమెంటు ఆదుకునేది. కాగజ్‌నగర్‌కు మిల్లు ఒక్కటే దిక్కయినట్టు, ఆదిలాబాద్‌కు పత్తి ఒక్కటే దిక్కయింది.

దీనికి తోడు రోడ్డు. ఒకప్పటి ఏడో నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలై ఊరి బయట నుంచి వెళ్లిపోయింది. లారీలు ఊళ్లో ఆగే రోజుల్లో నడిచిన హోటళ్లకు, టైరు దుకాణాలకు గిరాకీ బైపాస్ మీదికి పోయింది. నిర్మల్‌లోనూ ఇదే కథ. ఆ రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి కొనే వస్తువుల్లో నిర్మల్ కొయ్యబొమ్మలు ముందుండేవి. ఊళ్లోకి రాని కారు, పొనికి కర్రతో చేసిన చిలకను చూడదు కదా!

రూపాయి పడితే గిరాకీ లేచే ఊళ్లు

ఇటు జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు వెళ్తే లెక్కలన్నీ తలకిందులు. ఇక్కడి బజార్లకు మూలధనం గల్ఫ్‌లో ఉంది. దుబాయ్‌లో, సౌదీలో, ఖతార్‌లో, బహ్రెయిన్‌లో ఎండలో పనిచేసే కొడుకులు, భర్తలు పంపే డబ్బుతోనే ఇక్కడ ఇల్లు లేస్తుంది, చెల్లెలి పెళ్లవుతుంది, బంగారం దుకాణంలో బేరం తెగుతుంది.

2013 ఆగస్టులో రూపాయి ఘోరంగా పడిపోయింది. డాలరుకు 68 రూపాయలు దాటింది. ఢిల్లీలో ఆందోళన. పెట్రోలు, దిగుమతులు ప్రియమయ్యాయి. కానీ యూఏఈ దిర్హం విలువ డాలరుతో ముడిపడి ఉంటుంది. అంటే అక్కడ అదే వెయ్యి దిర్హాలు సంపాదించినా ఇక్కడ ఇంటికి చేరే రూపాయలు పెరిగాయి. దేశానికి చేదు కబురు, జగిత్యాల మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరు దగ్గర తీపి కబురు!

మరి 2009 సంగతి? ఆ ఏడాది నవంబరులో దుబాయ్ వరల్డ్ సంస్థ అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. దానికి ముందు నుంచే అక్కడ కట్టడాలు ఆగిపోతున్నాయి. తాపీ మేస్త్రీలు, కూలీలు తిరుగు విమానాలెక్కారు. వీసా కోసం చేసిన అప్పు తీరకముందే వాపస్ వచ్చినవాళ్లు ఎందరో. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటున్న ఆ రోజుల్లో, ఈ ఊళ్లలో సగం లేచిన గోడలు, స్లాబు పడని ఇళ్లు మాంద్యానికి గుర్తులయ్యాయి. మొదట ఇనుము, సిమెంటు దుకాణాలు చప్పబడ్డాయి. తర్వాత టైల్స్, రంగులు, ఫర్నిచర్. 2013లో సౌదీ తన పౌరులకే ఉద్యోగాలంటూ నితాఖత్ అమలును బిగించినప్పుడు, 2020లో కొవిడ్ విమానాల్లో జనం తిరిగొచ్చినప్పుడు మళ్లీ అదే వరస.

ఇక్కడ షట్టరు వెనక ఇంకో బాధ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ఇక వెళ్లొద్దనుకుని ఉన్న డబ్బుతో దుకాణం తెరుస్తారు. పదేళ్లు ఎడారిలో ఉన్నవాడికి ఊళ్లో ఉద్దెర ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో తెలియదు. ఏడాది తిరిగేసరికి షట్టరు దించి మళ్లీ వీసా ఏజెంటు దగ్గరికే నడుస్తాడు. ఖాళీ అయిన ప్రతి మడిగె వెనకా ఒక ఇంటి నిర్ణయం ఉంటుంది. కొన్నిసార్లు ఆ నిర్ణయం విమానాశ్రయంలో ముగుస్తుంది.

సాంచా ఆగితే...

సిరిసిల్లలో బజారుకు ఆనవాలు చప్పుడే. పాతిక వేలకు పైగా మరమగ్గాలున్న ఊరు. ఇక్కడివాళ్లు వాటిని సాంచాలంటారు. సాంచాలు మోగుతుంటే కార్మికుడికి కూలి, ఆసామికి నాలుగు డబ్బులు, వీధి చివర కూరగాయల బండికీ బేరం. 2000ల్లో చప్పుడు ఆగినప్పుడు ఈ ఊరు ఆత్మహత్యల వార్తలతో పేపర్లకెక్కింది. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ మొదలుపెట్టాక, ఏటా కోటి చీరల పనిలో ఎక్కువ భాగం ఇక్కడికి వచ్చింది. ఊరి గల్లాకు కొత్త తాళంచెవి దొరికింది. అది సచివాలయంలో ఉంది!

2024లో ఆ పని ఆగింది. బకాయిలు, కొత్త ఆర్డర్లు లేక సాంచాలు నిలిచిపోయాయి. ఆ ఏడాది దేశంలో ఎక్కడా మాంద్యం మాటే లేదు, సిరిసిల్లలో మాత్రం పని లేదు. 2025లో మహిళా సంఘాల సభ్యులకు ఇందిరమ్మ చీరల పేరుతో ఆర్డర్లు వచ్చాక మగ్గాలు మళ్లీ కదిలాయి. సర్కారు ఆర్డరు మీద నడిచే బజారుకు ఉండే బలహీనత ఇదే. కాలమైతే పంట వస్తుందని రైతుకు ఆశ ఉంటుంది. కాగితం మీద సంతకం ఎప్పుడు పడుతుందో చెప్పే పంచాంగం లేదు.

టవర్ సర్కిల్ ఎందుకు తట్టుకుంది?

ఇన్ని ఊళ్లు తిరిగి కరీంనగర్ చేరితే టవర్ సర్కిల్ దగ్గర జనసందోహం. గడియార స్తంభం చుట్టూ బంగారం, వెండి, బట్టలు, ఇత్తడి సామాన్లు. కాస్త అవతల ప్రకాశం గంజ్‌లో హోల్‌సేల్ బస్తాలు. వెండి తీగతో అల్లే ఫిలిగ్రీ పనితనానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు ఇది. ఈ బజారు నోట్ల రద్దును చూసింది, 2017లో జీఎస్‌టీని చూసింది. 2020 మార్చిలో రాష్ట్రంలోనే తొలి కట్టడి ప్రాంతాల్లో ఒకటిగా ముకరంపుర వీధులు మూతపడటం చూసింది. ఆ నెల ప్రభుత్వోద్యోగుల జీతాల్లో సగం ఆపేస్తే, ఆ దెబ్బా తిన్నది. అయినా నిలబడింది. ఎలా?

జవాబు సులువు. ఈ ఊరి గల్లాకు తాళంచెవులు చాలా ఉన్నాయి. మానేరు నీళ్లతో పండే వరి ఒకటి. ఉద్యోగులు, పింఛనుదారులు మరొకటి. ఆస్పత్రులకూ కాలేజీలకూ వచ్చే చుట్టుపక్కల జిల్లాలవాళ్లు ఇంకొకటి. గల్ఫ్ డబ్బు కొంత, గ్రానైటు కొంత. చైనాలో ఇళ్ల నిర్మాణం నెమ్మదిస్తే ఇక్కడి టాన్ బ్రౌన్ రాయికి గిరాకీ పడిపోతుంది. క్వారీలు, లారీలు, వాటి వెనకుండే విడిభాగాల దుకాణాలు చతికిలపడతాయి. కానీ అదే ఏడాది వరి బాగా పండిందంటే గంజ్ నడుస్తుంది. ఒక చెయ్యి జారితే మరో చెయ్యి పట్టుకుంటుంది.

అలాగని ఇక్కడ ఖాళీ మడిగెలు లేవని కాదు. మాంద్యం ఎప్పుడూ మేడ మీద నుంచి దిగుతుంది. వాణిజ్య సముదాయాల్లో మొదట ఖాళీ అయ్యేవి రెండు, మూడో అంతస్తులు. తర్వాత సెల్లారు. తర్వాత కింది వరసలో లోపలి మడిగెలు. మూలమీది మడిగె చిట్టచివరిది. దానికోసం అప్పుడు కూడా పగిడి అడుగుతారు! యజమాని కిరాయి తగ్గించడు. తగ్గిస్తే పక్క మడిగెవాళ్లూ అడుగుతారని భయం. ఖాళీగా ఉంచడానికైనా సిద్ధపడతాడు కానీ బోర్డు మీద అంకె మార్చడు. ఒకే వీధిలో ఒకవైపు ‘షట్టరు కిరాయికి ఇవ్వబడును’ అనే బోర్డులు, మరోవైపు కొత్త కాంప్లెక్సుకు పునాదులు కనిపించడం వెనక రహస్యం ఇదే.

2016లో జిల్లాలు విడిపోవడమూ లెక్కలు మార్చింది. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల పుట్టాయి. ఆదిలాబాద్ నాలుగైంది. అంతకుముందు చిన్న కాగితం పనికైనా జిల్లా కేంద్రానికి వచ్చినవాళ్లు, వచ్చిన పనిలో పనిగా పిల్లలకు బట్టలు కొనుక్కుని వెళ్లేవారు. ఇప్పుడా పని దగ్గర్లోనే అవుతోంది. ఆ బట్టల బేరమూ దగ్గర్లోనే అవుతోంది. మంచిర్యాల, పెద్దపల్లి పొందినది ఆదిలాబాద్, కరీంనగర్ వదులుకున్నదాంట్లో కొంత.

మూతపడని బజారు

ఇంత చెప్పుకున్నాక మాంద్యానికి అసలు భయపడని బజారు ఒకటి చెప్పుకోవాలి. ఉట్నూరు, ఇంద్రవెల్లి వైపు వారపు అంగడి. దానికి షట్టరు లేదు, కిరాయి లేదు, పగిడి అసలే లేదు. చెట్టు కింద గుడ్డ పరిస్తే దుకాణం. సాయంత్రం మూట కడితే ఖాళీ. బేరం బాగుంటే వచ్చేవారం రెండు మూటలు, లేకుంటే అర మూట. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగితే ఇదే అంగడి పదింతలై అక్కడ వెలుస్తుంది. దేవుడి మొక్కు తీరాక గిరిజన కుటుంబాలు ఏడాదికి సరిపడా సామాన్లు కొనుక్కుని బండ్లు కడతాయి. బట్ట మీద పరిచిన దుకాణం నష్టాన్ని తట్టుకోవడంలో ఏ మాల్‌కూ తీసిపోదు. కాకపోతే ఆ వ్యాపారి సంపాదనా అంతంతే. భద్రత ఉన్నచోట లాభం తక్కువ, లాభం ఉన్నచోట భయం ఎక్కువ. బజారు ధర్మం అది.

ఉత్తర తెలంగాణ బజార్లు చెప్పే పాఠం ఒక్కటే. ఎంత లావు ఆదాయం ఉందన్నది కాదు, ఎన్ని వైపుల నుంచి వస్తోందన్నదే ఊరిని నిలబెడుతుంది. ఒక్క మిల్లు, ఒక్క పంట, ఒక్క ఆర్డరు, ఒక్క దేశం మీద ఆధారపడ్డ ఊరికి మంచి రోజులు ఎంత మంచివో, చెడ్డ రోజులు అంత చెడ్డవి.

కాగజ్‌నగర్‌లో ఇప్పుడు మళ్లీ షిఫ్టు మారే వేళకు టీకొట్లు నిండుతున్నాయి. దసరాకు దుకాణాల్లో సరుకు దిగుతోంది. కాకపోతే 2014 చూసిన దుకాణదారుడు రెండు పనులు మానలేదు. పండగ సరుకుకు ముందున్నంత అప్పు చేయడు. పొద్దున్నే షట్టరు ఎత్తేముందు మిల్లు వైపు ఒకసారి చూస్తాడు. పొగ గొట్టంలోంచి పొగ కనిపిస్తే... బోణీ అయినట్టే!